బాపు అల్లిన గడి

"బాపూ! ఈ వారం చక్రం గడి!"

రాజమణి గడప అవతల నుంచే అరిచింది. చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేసింది. శనివారం ఒంటిపూట బడి. ఎండ నెత్తి మీదికి వచ్చినా, ఛత్రినాక సందులో డిసెంబరు చలిగాలి తగులుతూనే ఉంది.

మంచం మీద కూర్చున్న ఆగయ్య ముఖం వెలిగింది. "చక్రమా? గట్లయితే నాకు వచ్చిన పనే. పదేండ్ల సంది చక్రమే తిప్పుతున్న గద!"

"నవ్వకు బాపూ. మస్తు కష్టమున్నది."

రాజమణి ముందు తలుపు గొళ్లెం పెట్టింది. ఆ తర్వాతే సంచిలోంచి ఊలు ఉండ, కొక్కెం సూది తీసింది. గొళ్లెం ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు గడి సంగతి వినండి.

రాజమణి ఐదో తరగతి. వాళ్ల బడిలో శనివారం చివరి పీరియడ్ అల్లికల క్లాసు. విమలా టీచర్ వారానికొక కొత్త గడి నేర్పుతుంది. గడి అంటే అరచేతికన్నా కాస్త పెద్దగా, నలుచదరంగా ఊలుతో అల్లిన ముక్క. ఒక వారం పువ్వు గడి, ఒక వారం జాలీ గడి, ఇంకో వారం గవ్వల గడి. ఒకదానిలా మరొకటి ఉండదు. అన్నీ కలిపి కుడితే రంగురంగుల దుప్పటి అవుతుంది. ఎవరి దుప్పటి వాళ్లే చేసుకోవాలి.

రాజమణి వేళ్లు చకచకా ఆడతాయి. క్లాసులో అందరికన్నా ముందు ఆమె గడే పూర్తవుతుంది. అబ్బో, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు కూడా!

ఇక వాళ్ల బాపు, అంటే నాన్న, ఆగయ్య. సిటీ బస్సు డ్రైవరు. వానాకాలంలో సైకిలు జారి కింద పడ్డాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. సిమెంటు కట్టు విప్పాక చూస్తే వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమన్నాడు. ఈ చలికాలం పోయేలోగా పిడికిలి బిగియాలి. లేకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వరు. బస్సులు కడిగే పనికి పంపిస్తారు.

ఆ బంతి అంటే ఆగయ్యకు విసుగు. ఒకరోజు రాజమణి అల్లుతుంటే చూసి, "జర నాకియ్యి బిడ్డా" అన్నాడు. సూదిని పిడికిట్లో పట్టుకుని, పళ్లు బిగబట్టి, చాలాసేపటికి నాలుగు గొలుసు కుట్లు వేశాడు. చెమట పట్టింది. కానీ చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో నవ్వు కనిపించింది.

డాక్టరు విని, "బంతి కన్నా ఇదే మంచిది. ఆపకు" అన్నాడు.

అప్పట్నుంచి రాజమణి బడిలో నేర్చుకున్న గడి ఇంట్లో బాపుకు నేర్పుతోంది. ఆగయ్యకు ఒక్క గడికి వారమంతా పడుతుంది. వంకరగా వస్తుంది. ఒక మూల పొడుగు, ఒక మూల పొట్టి. అయినా మానడు.

మరి గొళ్లెం ఎందుకంటారా? రాజమణికి సిగ్గు. అంత పెద్ద బస్సు నడిపే మనిషి ఊలు పట్టుకుని కూర్చుంటే బస్తీలో నవ్వరూ? ఆగయ్యకు మాత్రం ఆ ఫికరే లేదు. గొళ్లెం పెట్టేది ఎప్పుడూ రాజమణే.

చక్రం గడి నిజంగానే కష్టం. నడుమ గుండ్రంగా అల్లి, చుట్టూ నాలుగు మూలలు లేపాలి. ఆగయ్య ఎన్నోసార్లు విప్పాడు, మళ్లీ మొదలుపెట్టాడు. గురువారం రాత్రికి గుండ్రం వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి నాలుగో మూల కూడా అయిపోయింది.

అన్నిటికన్నా మంచిగా వచ్చిన గడి అదే. చివరి ముడి ఒక్కటే మిగిలింది. ఆ ముడికి వేళ్లు బాగా వంగాలి. ప్రతి వారం దాన్ని రాజమణే వేసేది. అందుకని ఆగయ్య గడిని జాగ్రత్తగా దిండు మీద పెట్టి, బిడ్డ కోసం ఎదురుచూశాడు. సోమవారం డాక్టరుకు కూడా చూపించాలనుకున్నాడు.

సాయంత్రం రాజమణి ఒక్కతే రాలేదు. వెంట సక్కుబాయి వచ్చింది. ఇద్దరూ ఒకే బెంచీ. సక్కుబాయికి ఎర్ర ఊలు తక్కువ పడిందట.

రాజమణి ఊలు వెతుకుతుంటే, సక్కుబాయి దిండు మీది గడిని చూసింది. ఎత్తి పట్టుకుంది.

"గిదేందే రాజమణీ? గింత వంకర! ఎవరిది?" పక్కనే ఆగయ్య ఒళ్లో సూది కనిపించింది. సక్కుబాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. "మీ బాపు అల్లుతడా ఏందే?"

రాజమణి చెవులు వేడెక్కాయి.

"ఛీ! మా బాపెందుకు అల్లుతడు? అది నాదే. చెడిపోయింది. ఇప్పేద్దామనే పక్కకు పెట్టిన."

అంటూనే గడిని లాక్కుని, దారం పట్టుకుని గుంజింది.

చివరి ముడి పడని అల్లిక అంతే. కొస పట్టి లాగితే చాలు, మరి నిలవదు. సర్రుమని ఒక మూల పోయింది. ఇంకో మూల పోయింది. నడుమ గుండ్రం కూడా ఒక్కో చుట్టుగా విడిపోయింది. వారం రోజుల పని నిమిషంలో ఊడిపోయింది. వంకులు తిరిగిన ఊలు మాత్రం మంచం మీద కుప్పగా మిగిలింది.

ఆగయ్య ఆ కుప్ప వైపే చూస్తూ కూర్చున్నాడు.

సక్కుబాయి ఊలు తీసుకుని వెళ్లిపోయింది.

"బాపూ..." అంది రాజమణి.

"ముడి నువ్వేస్తవని ఉంచిన బిడ్డా" అన్నాడు ఆగయ్య. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు బడి నుంచి వచ్చి రాజమణి మెల్లగా సూది అందించింది. ఆగయ్య తీసుకోలేదు. "నువ్వు అల్లుకో బిడ్డా. నాకు చెయ్యి నొస్తుంది" అన్నాడు. ఆదివారం కూడా అదే మాట. రబ్బరు బంతి మంచం కిందికి దొర్లిపోతే, దాన్నీ తీయలేదు.

అమ్మ చంద్రమ్మ పప్పు మిల్లు పని నుంచి అలిసిపోయి వచ్చింది. అన్నం పెడుతూ, "మీ బాపుకేమైందే? రెండు రోజుల సంది సూది ముడుతలేడు" అని అడిగింది. రాజమణి తల వంచుకుని అన్నం కెలుకుతూ కూర్చుంది.

సోమవారం ఆసుపత్రికి బాపు వెంట రాజమణే వెళ్లింది. డాక్టరు ఆగయ్య వేళ్లు ఒక్కొక్కటీ వంచి చూశాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమయ్యా ఆగయ్యా, బంద్ చేసినవా? పోయినసారి ఈ రెండు వేళ్లు కొంచెం కొంచెం వస్తుండె. మళ్లీ బిగుసుకుంటున్నయ్. గిట్లయితే స్టీరింగు సంగతి మరిచిపో."

ఆగయ్య "సరే సార్" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరు రెండు చేతులతో స్టీరింగు తిప్పుతున్నాడు. ఆగయ్య ఆ చేతులనే చూస్తున్నాడు. ఒళ్లో ఉన్న తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వేళ్లు వంచబోయాడు. అవి వంగలేదు.

రాజమణి ఇక ఆగలేకపోయింది. "ఎందుకు బాపూ బంద్ చేసినవ్? చెయ్యి నొస్తలేదు నాకెరికే."

ఆగయ్య కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"నేను అల్లితే నీకు సిగ్గయితుంది గద బిడ్డా. నలుగురు నన్ను చూసి నవ్వితే నాకేం గాదు. నువ్వు తల వంచుకునే పని నాకెందుకు?"

ఆ మాటకు రాజమణికి ఏడుపు తన్నుకొచ్చింది. "తప్పయింది బాపూ. ఇంకెప్పుడు గట్ల చెయ్య. నువ్వు అల్లు."

"సరే తియ్యి, ఏడ్వకు" అని ఆగయ్య ఆమె తల నిమిరాడు. కానీ ఇంటికి వెళ్లాక కూడా సూది ముట్టుకోలేదు. మంగళవారం ముట్టుకోలేదు. బుధవారం ముట్టుకోలేదు. తప్పయిందని బాపు ఒక్కడికే చెబితే సరిపోదని రాజమణికి అప్పుడు అర్థమైంది.

శనివారం విమలా టీచర్, "ఈ రోజు కొత్త గడి లేదు. ఇంతవరకు అల్లినవి బెంచీల మీద పరవండి. ఎలా కలిపి కుట్టాలో చూపిస్తాను" అంది.

రాజమణి తన గడులు పరిచింది. అన్నీ సాపుగా, ఒకే కొలతగా ఉన్నాయి. తర్వాత సంచిలోంచి ఇంకో మూడు తీసింది. వాటినీ పక్కనే పెట్టింది.

టీచర్ వంగి చూసింది. "ఇవెవరివి రాజమణీ? నీ చేతిపని ఇలా ఉండదే!"

"నావి కావు టీచర్. మా బాపు అల్లిండు."

క్లాసు గొల్లుమంది. "బాపులు అల్లుతరా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. రాజమణి కూర్చోవచ్చు. కానీ కూర్చోలేదు.

"మా బాపు చెయ్యి ఇరిగింది. వేళ్లు వంగుతలేవు. ఒక్క గడికి వారం పడుతది. పోయిన వారం మస్తు మంచిగ ఒకటి అల్లిండు. సక్కుబాయి నవ్విందని, అది నాదేనని అబద్ధం చెప్పి నేనే గుంజేసిన. మా బాపు ముందలనే..."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. సక్కుబాయి బెంచీ మీద గోటితో గీస్తూ, "నాకు తెల్వదే రాజమణీ, నిజంగ తెల్వదు" అని గొణిగింది.

విమలా టీచర్ గడులను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. మొదటిది ముద్దలా ఉంది. రెండోదానికి మూలలు తెలుస్తున్నాయి. మూడోది కాస్త నలుచదరంగా వచ్చింది.

"ఇదేనా చివర అల్లింది?"

"కాదు టీచర్. చివరిది... లేదు."

టీచర్ మూడింటినీ బెంచీ మీద వరసగా పెట్టింది. తర్వాత, "వీటిని దుప్పటిలో ఎక్కడ కుడతావు?" అని అడిగింది.

"నడుమ."

"ఇవి వంకరగా ఉన్నాయి కదా. పక్క గడులను కూడా లాగేస్తాయి. నీ దుప్పటి సాపుగా రాదు మరి."

రాజమణి తన సాపు గడుల వైపు ఒకసారి చూసుకుంది. "రాకున్నా మంచిదే టీచర్" అంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి పరుగెత్తలేదు. నడిచే వెళ్లింది. వెనక కొంచెం దూరంలో సక్కుబాయి కూడా వచ్చింది. ఆగయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"బాపూ, బయట అరుగు మీద కూసుందాం దా. ఎండ మంచిగున్నది."

ఆగయ్య ఆమె చేతిలోని ఊలు చూశాడు. "బయటనా?"

"ఆఁ. క్లాసుల అందరికి చెప్పిన బాపూ, నువ్వు అల్లుతవని. నేను గుంజేసిన సంగతి గుడ చెప్పిన."

"అందరి ముందల చెప్పినవా?"

"చెప్పింది మామా. నేను గుడ ఉన్న" అంది గడప దగ్గర నిలబడ్డ సక్కుబాయి. "నేను నవ్వినందుకు కోపం చెయ్యకు."

ఆగయ్య ఇద్దరినీ చూశాడు. లేచి బయటికి నడిచాడు. అరుగు మీద ఎండలో కూర్చుని, కుడిచెయ్యి చాచాడు. రాజమణి సూదిని ఆ చేతిలో పెట్టి, బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటే దాని చుట్టూ వంచింది.

మొదటి గొలుసు జారిపోయింది. రెండోది కూడా జారింది. మూడోది నిలబడింది.

అప్పుడే పని నుంచి సైకిలు తోసుకుంటూ పక్కింటి బాబురావు వచ్చాడు. అరుగు ముందు ఆగిపోయాడు. "ఏంది ఆగన్నా, ఏం చేస్తున్నవ్?"

సందులో నల్లా దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లు కూడా తలలు తిప్పారు. ఆగయ్య చెయ్యి ఆగింది. ఆయన బిడ్డ ముఖంలోకి చూశాడు.

రాజమణి చెవులు మళ్లీ వేడెక్కాయి. కానీ ఆమె తల దించలేదు.

"మా బాపు దుప్పటి అల్లుతుండు కాకా" అంది, నల్లా దగ్గరి వాళ్లకు కూడా వినపడేలా. "రా, దగ్గరికొచ్చి చూడు."

అని కొంచెం జరిగి, అరుగు మీద బాబురావుకు చోటిచ్చింది.