దసలి పట్టు ప్లేటు

మంగళవారం పొద్దున్నే అరకు పరిశోధన కేంద్రం మెట్ల మీద డాక్టర్ దేముడమ్మను ఎవరో సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చి చంపారు. ల్యాబులో ఆమె నోట్సు, కంప్యూటర్లు కాలి బూడిదయ్యాయి. గురువారం మధ్యాహ్నానికి ఏజెంట్ ఫల్గుణ అక్కడి గెస్ట్‌హౌస్‌లో చీఫ్ ఫణీంద్ర ఎదుట కూర్చున్నాడు.

"చూడ్డానికి వేలెడంత ముక్క," అన్నాడు ఫణీంద్ర. "విరిగిన ఎముకకి టైటానియం ప్లేటు వేస్తే బరువంతా అదే మోసేస్తుంది. పని లేక ఎముక గుల్లబారుతుంది. దేముడమ్మ ఈ కొండల్లో దొరికే దసలి పట్టుతో, సరిగ్గా ఎముకంత గట్టిదనం ఉన్న ప్లేటు చేసింది. పైగా అది వంగుతుంది గానీ విరగదు. మిగిలింది ఆ ఒక్కటే. ఇప్పుడది మాధవి దగ్గరుంది."

రెండేళ్ల కిందట మాధవిని, పరిశోధనలు దొంగిలించే ఒక విదేశీ ముఠాలోకి డబుల్ ఏజెంట్‌గా పంపింది ఫల్గుణే. వాళ్లు ఆమెను దేముడమ్మ దగ్గర అసిస్టెంటుగా చేర్పించారు. ముఠాలో చేరే ముందురోజు, లంబసింగి చలిలో ఒకే శాలువా కప్పుకుని, పెళ్లి ఎప్పుడు చేసుకుందామా అని ఇద్దరూ లెక్కలేసుకున్నారు.

"ఆర్నెల్లుగా ఆమె నుంచి రిపోర్టు లేదు. ముఠా ఫోన్లు వింటే తెలిసింది, రేపు అరకు రైల్లో, అద్దాల బోగీలో ప్లేటు చేతులు మారుతుంది. ముఠా తరఫున దాన్ని అందుకునేవాడి ముఖం మనవాళ్లెవరూ చూడలేదు. కోడ్ అడుగు. తప్పు చెప్పిందంటే ఆమె మన మనిషి కాదు. ప్లేటు మాత్రం రైలు దిగకూడదు."

"అంటే మాధవిని...?"

"అంటే అదే."

మర్నాడు పొద్దున బొర్రా గుహల స్టేషన్లో మరమరాల మురీ మిక్చర్ అమ్మేవాడొకడు బోగీ ఎక్కాడు. ఆ గళ్ల లుంగీ, నెరిసిన గడ్డం చూస్తే కన్నతల్లి కూడా ఫల్గుణ అనుకోదు. మాధవి కిటికీ పక్కన ఉంది. ఎర్ర పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. బోగీలో సగం మంది ఆమెనే చూస్తున్నారు. ఎదుటి సీట్లో కెమెరా బ్యాగుతో ఒక విదేశీ టూరిస్టు.

"ఏటమ్మా, నిమ్మకాయ పిండీమంటావేటి?"

'వద్దు, ఉల్లిపాయలెయ్యి' అనాలి. అదీ కోడ్.

"పిండు," అంది మాధవి. "బేగి ఇయ్యి."

బుట్టలో చెయ్యి పెట్టి పొట్లం తనే తీసుకుంది. ఫల్గుణ ఆమె ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. తప్పు చెప్పింది. తన మాధవి తప్పు చెప్పింది.

రెండు సీట్లు వెనక్కి జరిగి, బుట్ట కింద పిస్టల్ పట్టుకుని, ఆమె వీపుకి గురిపెట్టాడు.

టూరిస్టు కెమెరా మూత తీశాడు. లోపల లెన్స్ లేదు, చిన్న టెస్టింగ్ మెషీన్ ఉంది. మాధవి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి దంతం రంగు ముక్క ఒకటి తీసిచ్చింది. వాడు దాన్ని రెండు మేకుల మీద ఆనించి, పైనుంచి మర బిగించాడు.

"గట్టిదనం ఓకే. పద్దెనిమిది గిగాపాస్కల్స్. అచ్చం ఎముకే," అన్నాడు ఇంగ్లీషులో.

ఇక కాల్చాల్సిందే. ఫల్గుణ వేలు కదల్లేదు.

వాడు అక్కడితో ఆగలేదు. మర ఇంకో చుట్టు తిప్పాడు. ముక్క సుద్దముక్కలా పుటుక్కున విరిగింది. వాడు ముక్కల్నీ, మాధవినీ మార్చి మార్చి చూశాడు. అంతలో రైలు సొరంగంలో దూరింది.

చీకట్లో చిన్న చప్పుడైంది. ఫల్గుణ దూకాడు. వెలుగొచ్చేసరికి వాడి మణికట్టు అతని మోకాలి కింద ఉంది, వాడి సైలెన్సర్ పిస్టల్ సీటు కిందికి జారిపోయింది. పక్క బోగీలోంచి మఫ్టీ పోలీసులు వచ్చి వాడికి బేడీలు వేశారు.

మాధవి సీట్లోంచి కిందికి వాలిపోయింది. ఎర్రచీర మీద నెత్తురు కనపడలేదు, అతని అరచేతికి తడి తగిలింది.

"ఆ కోడ్ వాళ్లకి తెలిసిపోయింది," అంది మాధవి. "సరిగ్గా చెప్తే నిన్ను అక్కడే చంపేసేవాడు. రిపోర్టులూ చదివేస్తున్నారు. అందుకే పంపలేదు. వాడి ముఖం బయటపడాలని... నకిలీది చేశాను. గట్టిదనం కుదిరింది. వంగడం కుదర్లేదు. మొదటి నంబరు చూసి ఆగుతాడనుకున్నా."

"అసలుది?"

"నీ బుట్టలో వేశాను. గడ్డం పెట్టుకుంటే పోల్చుకోలేననుకున్నావా?"

నవ్వబోయింది. తర్వాతి స్టేషన్ రాకముందే ఆమె చెయ్యి చల్లబడింది.

మరమరాల అడుగున ప్లేటు దొరికింది. ఆమె ప్రాణంగా కాపాడి తన చేతికిచ్చింది. ఆ బుట్ట కిందనుంచే తను ఆమెకు గురిపెట్టాడు. ఆ సంగతి ఫల్గుణ రిపోర్టులో రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

"టూరిస్టు నోరు విప్పాడు. దేముడమ్మని చంపినవాడితో సహా ముఠా మొత్తం దొరికింది," అన్నాడు ఫణీంద్ర సాయంత్రం. "నాలుగు రోజులు సెలవు తీసుకో. కొండలూ చలీ ఉన్నచోటుకి ఎక్కడికైనా వెళ్లి, అన్నీ మర్చిపోయి రా."

గెస్ట్‌హౌస్ ముందు టూరిస్టు బస్సు ఆగింది. జనం సెల్ఫీలు తీసుకుంటూ దిగుతున్నారు.

"మర్చిపోడానికి అందరూ ఇక్కడికే వస్తారు సార్," అన్నాడు ఫల్గుణ.