ఏడో ట్యాంకులో రెండో చోటు

అరిజోనాలో వేసవి మధ్యాహ్నం. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, రోడ్డు పక్కనున్న ఒక షెడ్డు లోపల వెర్నా ఉన్ని స్వెట్టర్ వేసుకుని పని చేసుకుంటోంది. మాడిన కాఫీ వాసన, రబ్బరు తొడుగుల వాసన. పన్నెండు స్టీలు ట్యాంకులు వరుసగా నిలబడి సన్నగా బుసకొడుతున్నాయి. ఒక్కో దాంట్లో ఇద్దరికి చోటు. ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డకట్టిన మనుషుల్ని తలకిందులుగా దింపుతారు. ఎప్పుడైనా నైట్రోజన్ తగ్గితే ముందుగా పాడయ్యేవి కాళ్లే కావాలి, తల చివరిదాకా మిగలాలి.

వాళ్లను చనిపోయినవాళ్లని అక్కడ ఎవరూ అనరు, పేషెంట్లంటారు. రేపటి వైద్యం వాళ్లను లేపుతుందని, లేచినవాళ్లు మనకంటే ఒక మెట్టు పైనున్న మనుషులవుతారని నమ్మకం. ఆ నమ్మకంతోనే వెర్నా తొమ్మిదేళ్లుగా కన్నీరు పెట్టుకోలేదు. అప్పుడు పోయిన భర్త మెర్ల్‌కి అంత్యక్రియలు చెయ్యలేదు. వారం వారం అతనున్న ఏడో ట్యాంకులో తానే నైట్రోజన్ నింపి, స్టీలు మీద తట్టి, అతనికి ఇంటి కబుర్లు చెప్పేది. అతని పక్క చోటు ఆమెదని ఇద్దరూ కలిసి సంతకాలు చేశారు. ఇప్పుడు ఆ చోటు అవసరం పడింది. ఆమెకు క్యాన్సర్ ముదిరిందని, మూడు నెలలే టైముందని డాక్టర్లు చెప్పేశారు.

"ఒక్క ఫార్మాలిటీ ఉంది వెర్నా గారూ," అన్నాడు మేనేజర్ ఎల్డన్. "కొత్త మిషన్ వచ్చింది కదా. పక్కన ఎవరిని పెట్టాలన్నా లోపలున్న మనిషిని అడగాలట. మెదడులో మిగిలిన కాస్త అలికిడిని అది మాటలుగా మారుస్తుంది."

"అడుగు బాబూ. ముప్పై ఏళ్లు నా గురక భరించినవాడు, ఇప్పుడు కాదంటాడా?"

ఎల్డన్ నవ్వుతూ మీట నొక్కాడు. స్పీకరులో గరగర. ఆ తర్వాత ఒక గొంతు. మెర్ల్‌దే.

"వద్దు."

ఎల్డన్ ఇబ్బందిగా దగ్గాడు. "మిషన్ కొత్తది కదండీ. మళ్లీ అడుగుదాం."

"చోటు లేదు," అంది గొంతు, గుసగుసగా.

వెర్నాకి ఒళ్లు మండిపోయింది. నైట్రోజన్ మట్టం కొలిచే చెక్క కర్ర అందుకుని నిచ్చెన ఎక్కింది. "ఎందుకు లేదో నేనే చూస్తాను," అని తన దగ్గరున్న తాళం చెవితో మూత తీసింది. తెల్లటి ఆవిరి మొహానికి కొట్టింది. లోపల ఏమీ కనిపించలేదు. కర్రను తన చోటు వైపు నెమ్మదిగా దింపింది.

సగంలో ఆగింది.

నొక్కింది. కింద ఏదో... మెత్తగా లొంగింది.

ఆ చలిలో గులాబీ రేకు కూడా గాజులా పగులుతుంది. అక్కడ మెత్తనిది ఉండకూడదు.

"ఎల్డన్... ఇక్కడ ఎవరిని పెట్టారు?"

"ఎవర్నీ పెట్టలేదండీ. ఆ తాళం చెవి మీ దగ్గర తప్ప ఎవరి దగ్గరుంది?"

స్పీకరు మళ్లీ గరగరలాడింది.

"మెల్లగా, వెర్నా... నిద్ర లేస్తుంది."

"ఎవరు?"



"నీకు చెప్పాలనే అనుకున్నాను..."

తప్పు చేసి దొరికిపోయిన మొగుడి గొంతు అది. తొమ్మిదేళ్ల కన్నీరు ఒక్కసారిగా ఆమె చెంపల మీదికి జారింది. ఈ మనిషి కోసం తాను విధవనని కూడా ఒప్పుకోలేదు. ఏదో పట్టుకున్నట్టు కర్ర బరువెక్కింది. వెర్నా బలంగా లాగింది. లోపలిది పట్టు వదిలేసింది.

బయటి గాలి తగలగానే కర్ర పొడుగునా తెల్లగా మంచు పట్టింది, కొసన కాస్త మేర తప్ప. అక్కడ చెక్క తడిగా, గోరువెచ్చగా ఉంది. చుట్టూ వేళ్ల గుర్తులు... పసిపిల్ల పిడికిలంత.

వెర్నా లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

ఆరు వేళ్లు.