పొయ్యి ముందు కూర్చున్నవాడు

ముందుగా ఒక మాట. నా అక్షరాలను కాస్త ఓపికతో చూడండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ నా చెయ్యి ఆగి ఆలోచిస్తుంది. రొట్టెలు కొట్టిన చెయ్యి ఇది, కలం దాకా వచ్చేసరికి జుట్టు నెరిసింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నెమ్మదిగా రాసినా కథ సరదాదే.

బీచుపల్లిలో, కృష్ణ ఒడ్డున నాకో రొట్టెల పాక ఉండేది. జొన్న రొట్టె, పుంటికూర అనే గోంగూర పప్పు, పల్లీల కారం, తాగడానికి సల్ల. అన్నీ మోదుగాకు విస్తట్లోనే. నాకు తోడు స్వరూప, మా అక్క కూతురు. అక్క పోయాక నా దగ్గరే పెరిగింది. గద్వాలలో డిగ్రీ చదువుతూ ఆదివారాలు రొట్టెలు కొట్టేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొయ్యి ముందు ఎవరైనా కూర్చోవచ్చు, అల్లుడు తప్ప. మా ఆయన కొత్తల్లుడిగా ఉన్నప్పుడు చలికి పొయ్యి దగ్గరికి జరిగితే, మా అమ్మ గరిటె చూపించి లేపింది. ఆ సంగతి చెప్పి స్వరూపను ఎన్నిసార్లు నవ్వించానో.

2006లో, వానలు మొదలైన ఒక ఆదివారం, హైదరాబాద్ నుంచి టూరిస్టు బస్సొకటి ఆగింది. గైడ్ పేరు జగదీశ్, నాగర్‌కర్నూల్ పిల్లవాడు. వనపర్తి ప్యాలెస్ చూసి, మా దగ్గర తిని, గుండ్రటి పుట్టి పడవలో ఏటి మీద తిరిగి, గద్వాల కోటకు పోవడం వాళ్ల టూరు.

అంతా అయిపోయి బస్సు కదిలింది. స్వరూప చటుక్కున లేచి దాని వెంట పరుగెత్తింది. జగదీశ్ బస్సు ఆపించి దిగాడు.

"ఏమన్న మర్చిపోయిననా?"

"ఆ, ఇది." ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసా చేతిలో పెట్టింది.

"ఖాళీదే కద."

"ఖాళీదైతేంది, మీదే. విస్తరైతే మా మేక తింటది. దీన్నెవరు తినాలె?"

అతను సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బస్సు మీద పచ్చని ప్రయాణం అని గింత పెద్దగ రాసుకున్నరు. జర దిగినప్పుడు చదువుకోండ్రి."

బస్సంతా నవ్వింది. జగదీశ్ చెవులు ఎర్రబడ్డాయి.

మరుసటి ఆదివారం అదే సీసా పట్టుకుని దిగాడు. "మీ సుట్టాన్ని తోల్కొచ్చిన. కుండ నీళ్లు పోయుండ్రి."

స్వరూప నవ్వకుండా నీళ్లు పోసింది. పొయ్యి వైపు తిరిగాక నవ్వింది.

అలా ఎన్ని ఆదివారాలో. ఒకసారి పుట్టి నడిపే ముసలి కృష్ణయ్య, ఒక పక్క బరువు తక్కువైందని స్వరూపను ఎక్కించాడు. బరువు సరిగ్గానే ఉందని నాకు తెలుసు. జగదీశ్ తెడ్డు అడిగి తీసుకుని వేశాడు. పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరిగింది. పైనుంచి సన్నటి జల్లు.

"ఎటు పోతున్నం?" అంది స్వరూప.

"ఎటూ పోతలేం. తిరుగుతున్నం."

"తెడ్డు తాతకియ్యి."

"ఎందుకు? నాకు మంచిగనే ఉంది."

అంతా బాగుందనుకుంటుండగా, ఒక ఆదివారం జగదీశ్ రెండు ప్లాస్టిక్ సంచుల నిండా రొట్టెలు తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. కొత్తకోట దాబాలో చేయించాడట.

"గివేంది?" అంది స్వరూప.

"ఇక్కడ లేట్ అయితుంది కద. నీకు కష్టం తగ్గుతదని..."

"నా చెయ్యి స్లో అని సీదా చెప్పు."

"నీ చెయ్యి కాదు, మా ఓనర్..."

"సీసాకే గంత చెప్పిన. మళ్ల రొట్టెలు ప్లాస్టిక్‌ల చుట్టి తెస్తివి. ఇగ ఇక్కడ బస్సు ఆపకు."

ఆ పై ఆదివారం బస్సు ఆగకుండా వెళ్లిపోయింది. రోడ్డు వైపు చూడటం లేదన్నట్టే కూర్చుంది స్వరూప. పెంక మీద రొట్టె మాత్రం బొగ్గయింది.

రెండు రోజులకు, స్వరూప కాలేజీ నుంచి వచ్చాక, జగదీశ్ ఒక్కడే వానలో తడిసి వచ్చాడు. రొట్టెలకు ఎదురుచూడటంలో టైమ్ పోతోందని, తిండి కొత్తకోటకు మార్చమని ఓనర్ అన్నాడట. అలా మారితే బస్సు ఇక్కడ ఆగదు.

"నువ్వు కనపడవని పరేషాన్ల గట్ల చేసిన. తప్పే. ఈ ఆదివారం ఓనర్ కూడ వస్తుండు. నాకు రొట్టె కొట్టుడు నేర్పు."

"నేర్సుకొని ఏం చేస్తవ్?"

"బస్సోళ్లకు నేర్పిద్దాం. ఎవరి రొట్టె వాళ్లు కొట్టుకుంటే ఎదురుచూసేదే ఉండదు."

పొయ్యి ముందు కూర్చున్నాడు. మొదటి రొట్టె చేతిలోనే విరిగింది. స్వరూప పిండి మీద ఇంకాస్త వేడినీళ్లు పోసి, "అరచెయ్యి కాదు, వేళ్లు," అంది. కోపం అక్కడే కరిగిందని నాకు అర్థమైంది.

ఆదివారం నాలుగు పొయ్యిలు పెట్టాం. బస్సు దిగినవాళ్లు పిండి చేతులతో ఒకరి రొట్టె చూసి ఒకరు నవ్వుకుంటుంటే ఎవరికీ గడియారం గుర్తు రాలేదు. ఓనర్ రొట్టె పెంక మీదే ముక్కలైంది. "ఇంకొక్కటి చేస్త, ఆగుండ్రి," అన్నాడాయన.

తిన్నాక అందరూ పుట్టి ఎక్కడానికి వెళ్లారు. జగదీశ్ పొయ్యి ముందునుంచి లేవలేదు.

"ఓనర్ బస్సు ఇక్కడనే ఆపుమన్నడు. ఇగ నువ్వు చెప్పాలె."

"ఏం చెప్పాలె?"

"నాకు ఆదివారం ఒక్కటి సాలుతలేదు స్వరూపా."

స్వరూప తల వంచుకుని పిండి పిసికింది. "మా చిన్నమ్మను అడుగు."

అతను నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా..." అన్నాడు. పెంక మీద రొట్టె మాడుతోంది.

"పొయ్యి కాడ్నుంచి లెవ్వు బిడ్డా," అన్నాను.

అతని ముఖం వాడిపోయింది. లేచి, పక్కనున్న సీసా తీసుకున్నాడు. "మన్నించు పెద్దమ్మా. పోత."

స్వరూప పిండి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నేను పోతుంటే నవ్వుతవేంది?"

"మా ఇంట్ల అల్లుడు పొయ్యి కాడ కూసోడు," అంది.

ఆ మాట వినగానే అతను మళ్లీ పొయ్యి ముందే కూలబడ్డాడు. మళ్లీ లేపాల్సి వచ్చింది.

అలివేలమ్మ. అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు వనపర్తిలో, స్వరూప, జగదీశ్‌ల దగ్గర ఉంటున్నాను.