పాలపన్ను ఊడిన ఏడాది

"ఏదీ, ఒక్కసారి నవ్వమ్మా," అంది గేటు దగ్గర కూర్చున్న తెల్లచీర ఆవిడ.

ఎవరు నవ్వమన్నా నవ్వే పిల్ల ముక్త. నోరంతా తెరిచి నవ్వింది. పై వరుసలో ముందుపన్ను లేదు! ఆ సందు కనబడగానే తల్లి ఉజ్వల గుండె జారిపోయింది. వద్దని అడ్డం పడేలోపే తెల్లచీర ఆవిడ పిల్ల చంకలోని గుడ్డమూట తీసుకుని, ముడి విప్పి, అందులోని నువ్వుల ఉండలన్నీ పక్కనున్న తీపి గంపలోకి గుమ్మరించేసింది. "పెద్దదానివయ్యావు తల్లీ. ఇక నీ మూట కూడా అందరి మూటే," అని ముక్త బుగ్గ పుణికింది. దిగంబర్ కూతురి వంక మురిపెంగా చూసుకున్నాడు.

నితళ పంథమనే ఆ భక్తుల శాఖలో రివాజు అది. గాదీ, అంటే గురువు పీఠం, దర్శనానికి వచ్చినవాళ్ళు ఎవరింటి తిండి వాళ్ళు తినకూడదు. జొన్నరొట్టెలు, అటుకులు, పెరుగు, పచ్చళ్ళు, ఎవరేం తెచ్చినా పెద్ద కొయ్యతొట్టిలో వేసి కలిపి, మధ్యాహ్నం అందరికీ పంచుతారు. దాన్నే కాలా అంటారు. తీపి వస్తువులు మాత్రం వేరే గంపలో ఉంచి, కాలా కలవగానే ముందుగా పిల్లల పంక్తికి వడ్డిస్తారు. పాలపళ్ళు ఊడని పిల్లల మూటను మటుకు ఎవరూ ముట్టుకోరు. మూడేళ్ళుగా ఆ ఒక్క మినహాయింపును నమ్ముకునే ఉజ్వల నెట్టుకొస్తోంది. పోయిన నెల ముక్త పన్ను ఊడితే తల్లీకూతుళ్ళిద్దరూ దాన్ని పెంకుల మీదికి విసిరి, ఎలుకను కొత్తపన్ను ఇమ్మని అడిగి, పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో గేటు దగ్గరి రివాజు గుర్తుకు రానేలేదు. పుట్టినప్పటి నుంచీ పంథంలో ఉన్న ఆడది మరచిపోవలసిన సంగతేనా అది...

ఆ ఉండల్లో ఎనిమిదింటికి మాత్రం లవంగం గుచ్చి ఉంది. లవంగం ఉన్న ప్రతి ఉండలోనూ ఒక మూర్ఛబిళ్ళ ఉంది.

ముక్తకు నాలుగో ఏట మొదలయ్యాయి ఫిట్స్. పర్భణీ డాక్టరు బిళ్ళలు రాసి, ఒక్క పూట కూడా మానవద్దని, ఇంట్లో వేరే పసిపిల్లలుంటే అందకుండా పైన పెట్టుకోమని, ఈ బిళ్ళ వాళ్ళ కడుపులో పడితే మత్తు కమ్మి ఊపిరి మీదికి వస్తుందని రెండుసార్లు చెప్పాడు. దిగంబర్‌కు కూతురంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని తీసుకెళ్ళి గాదీ మహారాజ్ పాదాల దగ్గర పెడితే చాలు, జబ్బు దానంతట అదే పోతుందని అతని నమ్మకం. గాదీ ముందుకు మందుతో వెళ్ళకూడదు. గేటు పక్కన అందుకోసమే ఒక గంప ఉంటుంది. సీసాలు, బిళ్ళలు అందులో వదిలి లోపలికి నడవాలి. వదిలింది మళ్ళీ తీసుకుంటే, తీసుకున్నవాడికి ఆ గేటు జన్మలో తెరుచుకోదు.

పోనీ అంత కష్టపడి వస్తే దక్కిందేమిటి? మొదటి ఏడు రెండు రోజులు వరసలో నిలబడితే, వీళ్ళ వంతు వచ్చేసరికి తెర పడింది. మహారాజ్ మౌనంలోకి వెళ్ళారన్నారు. రెండో ఏడు ఆయన ఊళ్ళోనే లేరు. మూడో ఏడు దర్శనం దొరికింది. ఆయన ముక్త వంక చూడను కూడా చూడలేదు. ఏ ఊరు అని అడిగారు, చెప్పారు. వానలు పడ్డాయా అని అడిగారు, పడ్డాయన్నారు. అంతే, తరవాతి వాళ్ళను పిలిచేశారు! వానలంటే ఏమిటి, పడడమంటే ఏమిటి అని దిగంబర్ ఏడాది పొడుగునా అర్థాలు తీశాడు. ఉజ్వలకు ఒకే అర్థం తోచింది. ఆ పెద్దమనిషికి వానల సంగతి కావాలి, పిల్ల సంగతి అక్కర్లేదు. పైకి అనలేదు. అనకుండా ప్రతి ఏడూ ఉండలు చుట్టింది. లవంగం ఉన్న ఉండలోని బిళ్ళను నమలకుండా మింగితే ఆయీకి, అంటే అమ్మకు, ముద్దు పెట్టినట్టని కూతురికి ఆట నేర్పింది.

ఇవాళ తెల్లవారుజామునే బస్సు దిగారు. లోపలికి వెళ్ళాక ఉదయం ఉండ పెడదామనుకుంది. ఇంతలోనే ఇలా అయింది. భర్త చూస్తుండగా బిళ్ళల అట్ట తన చేత్తోనే గేటు పక్క గంపలో వేసి లోపలికి నడిచింది. వేయనంటే ఎందుకని అడుగుతాడు, ఎందుకని అడిగితే ఉండల సంగతి బయటపడుతుంది...

తీపి గంపను వంటశాల అరుగు మీద పెట్టారు. దాని చుట్టూ తిరిగింది ఉజ్వల, పిల్లకు ఆకలేస్తోందని వంకపెట్టి రెండు ఉండలు అడిగింది. అక్కడి వడ్డనావిడ ముసిముసిగా నవ్వి, గంపలో పడ్డాక ఏ తల్లికీ తన ఉండ అంటూ ఉండదని, కాసేపు ఓపిక పట్టమని చెప్పింది. చెయ్యి చాపబోతే గంప అవతలికి జరిపేసింది. కనబడినంత మేర వెతికింది ఉజ్వల. పైన ఒక లవంగం కనిపించింది, ఒక్కటే. మిగతావి ఎవరో తెచ్చిన లడ్ల కింద, బెల్లం చక్కీల కింద ఎక్కడో ఉన్నాయి.

మధ్యాహ్నం గంట కొట్టారు. ముందుగా పిల్లలు వరసగా కూర్చున్నారు. ఇంకా సరిగా కూర్చోవడం రాని చంటివాళ్ళను అక్కలు ఒళ్ళో పెట్టుకున్నారు. మోదుగాకు విస్తళ్ళు వేస్తున్నారు. ఉజ్వల ఒక్కొక్క మొహం చూస్తోంది. ఈ పాప తింటుందేమో, ఆ బాబు రెండు తింటాడేమో! తన బిడ్డ బతకాలని చుట్టిన ఉండ ఇంకొక తల్లి ఒడి ఖాళీ చేస్తుందేమో! చెబితే? చెబితే అందరి ముందూ దిగంబర్ తల తీసేసినట్టవుతుంది. మందు దొంగతనంగా తెచ్చిన ఇల్లని వెలేస్తారు. ఆ కోపంలో అతను ఇక ఇంట్లో కూడా బిళ్ళ వేయనివ్వడు. అప్పుడు ముక్త... ఆ పేరు తలచుకునేసరికి చూపు కూతురి మీద పడింది. ముక్త ఎడమచేతి చిటికెనవేలు సన్నగా అదురుతోంది. ఎప్పుడూ అలాగే మొదలవుతుంది!

ఉజ్వల ఇక ఆగలేకపోయింది. తిన్నగా కొయ్యతొట్టి దగ్గరికి నడిచింది.

తొట్టి దగ్గర ఆమె అత్తగారు గోదాబాయి ఉంది. కాలా కలిపే చేయి కావడమంటే పంథంలో మాటలు కాదు. ఇరవై ఏడుసార్లు గాదీకి వచ్చాక, ఈ ఏడు ఆమెను పిలిచారు. కొత్త తెల్లచీర కొనుక్కుంది. నెల రోజులుగా పొలంలో గడ్డి కూడా ముట్టకుండా చేతులు దాచుకుంది. మోచేతుల దాకా పెరుగూ అటుకులూ అంటుకుని, కళ్ళు మూసుకుని నామం చెప్పుకుంటూ కలుపుతున్న ఆ మనిషిని చూసి ఉజ్వల ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంత నిష్ఠగల మనిషికా చెప్పడం? అయినా వంగి చెవి దగ్గర చెప్పింది.

"అత్తయ్యా, ముక్త ఉండల్లో మూర్ఛబిళ్ళలున్నాయి. ఎనిమిది. అవి తీపి గంపలో పడిపోయాయి."

గోదాబాయి చేతులు ఆగిపోయాయి. కళ్ళు తెరిచింది, కానీ కోడలి మొహం వైపు చూడలేదు. పంక్తిలోని పిల్లల వైపు చూసింది, తరవాత ముక్త వైపు చూసింది. తిడుతుందని ఉజ్వల తల వంచుకుంది.

"ముక్త పొద్దున్నుంచీ బిళ్ళ వేసుకోలేదా?"

"లేదత్తయ్యా... వేలు అదురుతోంది."

గోదాబాయి లేచింది. రెండు చేతులూ పైకెత్తి, అందరికీ వినబడేలా చెప్పింది.

"నా చేయి తప్పింది."

కలిపే చేయి ఆ మాట అంటే ఎందుకని ఎవరూ అడగరు. అది కూడా రివాజే. తొట్టిలోదీ గంపలోదీ ఒక్క మెతుకు మిగలకుండా గోతిలో పూడ్చాలి. ఆ మాట అన్న మనిషి మాత్రం అప్పుడే, అక్కడి నుంచే గేటు బయటికి నడవాలి. మళ్ళీ రాకూడదు. గాదీ గడప ముందే కన్ను మూయాలని ఇరవై ఏడు సార్లు మొక్కిన మనిషి ఆమె! వడ్డనావిడ తీపి గంప ఎత్తుకుని గోతి వైపు నడుస్తూ ఏడ్చేసింది. లవంగాల ఉండలు, లడ్లు, చక్కీలు అన్నీ మట్టిలో కలిసేదాకా నిలబడి చూసింది గోదాబాయి. ఆ తరవాత ముక్త చెయ్యి పట్టుకుని నడిచింది. వెనకాలే ఉజ్వల, ఆ వెనక ఏమీ అర్థంకాని దిగంబర్.

గేటు దగ్గర గోదాబాయి ఆగింది. మందుల గంపలో చెయ్యి పెట్టి వెతికి, ముక్త బిళ్ళల అట్ట తీసింది. దిగంబర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, అది తీస్తే మనకు ఈ గేటు మూసినట్టే. నీకు తెలుసు కదా."

"నాకు ఎప్పుడో మూసుకోవాల్సింది నాయనా. చెయ్యి తియ్యి."

బిళ్ళ చిదిమి, తన అరచేతిలో నీళ్ళు పోసి, మనవరాలి చేత మింగించింది. అప్పుడు చెప్పింది, కొడుకు వైపు కాకుండా గంప వైపు చూస్తూ.

"మీ అక్క శకూకి గాలి సోకి పోయిందని చెప్పాను కదా... గాలీ లేదు, ధూళీ లేదు. జ్వరం, దగ్గు. డాక్టరు సీసా ఇచ్చాడు. ఆ సీసా ఇదిగో, ఈ గంపలోనే పెట్టి లోపలికెళ్ళాను. నువ్వప్పుడు చంటివాడివి. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో శకు నా ఒళ్ళో పడుకుంది. ఒళ్ళు చల్లబడింది. జ్వరం తగ్గింది, మహారాజ్ దయ అని బస్సులో వాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఊరొచ్చాక లేపాను."

దిగంబర్ చెయ్యి కిందికి జారింది.

"మరి ఇన్నిసార్లు ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు.

"రాకపోతే నేనే చంపుకున్నట్టు కదరా. వస్తున్నంతకాలం ఆయన తీసుకుపోయాడనుకోవచ్చు."

ఉజ్వల అత్తగారి చేతులు పట్టుకుంది. వాటి నిండా ఆరిన పెరుగు, అటుకులు ఉన్నాయి. కడుపులో మూడేళ్ళుగా దాచుకున్న భయమంతా ఒక్కసారి ఏడుపై పొంగింది. "అమ్మా" అంది. అత్తయ్యా అనడం మరచిపోయింది. గోదాబాయి కొంగుతో కోడలి మొహం తుడిచి, ఏడుపులు తరవాత, ముందు బస్సు చూడమంది.

దిగంబర్ ఎవరూ చెప్పకుండానే పర్భణీ డాక్టరు దగ్గరికి నాలుగు టిక్కెట్లు తీశాడు. ఎర్రబస్సు కిటికీ పక్కన గోదాబాయి ఒళ్ళో పడుకుంది ముక్త. వేలు ఇంకా అప్పుడప్పుడూ అదురుతూనే ఉంది. కాసేపటికి అదురు ఆగింది, పిల్ల కళ్ళు మూతపడ్డాయి. పొద్దున్నుంచీ అలిసిపోయింది, నిద్రపోయింది అన్నాడు దిగంబర్. గోదాబాయి పెరుగు వాసన ఇంకా పోని తన అరచేతిని మనవరాలి ముక్కు కింద పెట్టింది. వెచ్చగా తగిలింది. పర్భణీ వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.