చివరి అధ్యాయానికి ఊఁ కొట్టిందెవరు

నవల చివరి అధ్యాయంలోకి వెళ్లే ముందే ఆఖరి పేజీ తిప్పి చూసే అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. మంచి అలవాటు కాదని తెలుసు. కానీ ఏం చెయ్యను? రాసేవాళ్లకు జాలి ఉండదు. రెండొందల పేజీల దాకా ఒక పిల్లని మన ఇంటి పిల్లలా మన చేతుల్లో పెట్టి, చివర్లో తీసుకెళ్లి నూతిలోకి తోసేస్తారు. ప్రేమకథ చెడితే నాకు మూడు రోజులు అన్నం సయించదు. హత్యల కథైతే పెరట్లో ఆరేసిన బట్టలు తియ్యడానికి కూడా తోడు కావాలి. దెయ్యాల కథ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మా అమ్మాయి లోవకుమారి నవ్వుతుంది. "అది కాగితమే అమ్మా. కాగితానికి భయపడి గిన్నెలు తోమడం మానేసినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను" అంటుంది. కాకినాడలో నర్సింగు చదువుతోంది. రక్తం చూసి కళ్లు తిప్పుకోని పిల్ల, దానికేం తెలుస్తుంది నా బాధ!

మాది అంబాజీపేట. మా ఆయన సింహాద్రి అంతర్వేది వైపు రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఎంత తొందర జాకెట్టైనా పక్కన పెట్టేదాన్ని. ఆ రెండు గంటలూ అచ్చయమ్మ టీచరుగారివి.

ఆవిడ నాకు హైస్కూల్లో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక షుగరు ఆవిడ చూపు తినేసింది. "కళ్లు పోయేయి గానీ కుతూహలం చావలేదే సత్యవాణీ, వచ్చి చదివి పెట్టు" అని కబురంపితే వెళ్లాను. రెండేళ్లు చదివాను. ప్రేమకథలు, హత్యల కథలు, దెయ్యాల కథలు, అవే కావాలి ఆవిడకు. ఆవిడ తమ్ముడు అచ్యుతరామయ్యగారు వేదం చదువుకున్న మనిషి. ఆయనకు ఇదంతా నచ్చేది కాదు. "పురాణం చదివించుకోవచ్చు కదక్కయ్యా" అనేవారు. "పురాణంలో చివరికి ఏమవుతుందో నాకు తెలుసురా" అనేవారు ఈవిడ.

వినడం కూడా ఊరికే వినేవారు కాదు. కథలో పిల్ల తలుపు తియ్యబోతే "తియ్యకే పిచ్చిమొహమా!" అని కుర్చీలోంచి లేచిపోయేవారు. ఎవడైనా ప్రేమ పేరుతో మోసం చేస్తే వాడి తాతముత్తాతల్ని కూడా వదిలేవారు కాదు. ఊఁ కొట్టడం మాత్రం ఆవిడకు అస్సలు పడదు. క్లాసులో మాలో ఎవరైనా ఊఁ అన్నామంటే బల్ల మీద స్కేలు పడేది. "ఊఁ ఏంటి? నోట్లో అట్లపిండి ఉందా? ఆయ్ అనాలి!"

మొన్న కార్తీకంలో పాత పేపర్ల కొండబాబు దగ్గర ఒక నవల తెచ్చాను. అట్ట ఊడిపోయింది. పేరు లేదు, రాసినవాళ్ల పేరూ లేదు. వనజ అనే పిల్ల కథ. గోదారి రేవు పక్కన ఒక పాత ఇంట్లో ఒక్కర్తే ఉంటుంది. ఆ ఇంట్లో ఇంకేదో కూడా ఉంటుంది. అది మనిషి గొంతు విని నేర్చుకుంటుంది. ఆమెకు మనసిచ్చిన శేఖరం, పొద్దుగూకే లోపు పంటు మీద ఏరు దాటి వచ్చి తీసుకెళతానని మాటిస్తాడు. చీకటి పడ్డాక మాత్రం ఎవరు పిలిచినా తలుపు తియ్యొద్దంటాడు. అక్కడికి ఇరవై రెండు అధ్యాయాలు అయ్యాయి. మిగిలింది ఒక్కటే.

ఆ రోజు టీచరుగారు మంచినీళ్లు కూడా తాగకుండా విన్నారు. ఇరవై మూడో అధ్యాయం మొదలుపెట్టే ముందు నేను మామూలుగా చివరి పేజీ తిప్పాను. చూశాను. ఒళ్లు మండిపోయింది. పుస్తకం విసిరి కొడదామనిపించింది.

"ఇవాళ నా వల్ల కాదండీ. రేపు చదువుతాను" అన్నాను.

"ఏం, ఎందుకూ? ఒక్క ముక్క చెప్పి వెళ్లవే. వాడు వచ్చేడా లేదా?"

"రేపండీ."

"సత్యవాణీ, నిద్ర పట్టదే నాకు. వచ్చేడా లేదా, అంతే."

నేను చెప్పలేదు. రాత్రి కూర్చుని ఆవిడ కోసం మంచి ముగింపు ఒకటి అల్లుకుందామనుకున్నాను. శేఖరం వస్తాడు, ఇద్దరూ పంటెక్కుతారు, ఇల్లు వెనకబడిపోతుంది. అల్లుకున్నాను కూడా. తెల్లారేసరికి టీచరుగారు పోయారని కబురొచ్చింది. నిద్రలోనే పోయారట. నిద్ర పట్టిందో లేదో మరి!

అందరూ పుణ్యాత్మురాలన్నారు, సునాయాసంగా వెళ్లిపోయారన్నారు. నాకు మాత్రం నా మీద నాకే కోపం. ఒక్క ముక్క. అవుననో కాదనో. అది చెప్పడానికి నోరు రాలేదు నాకు.

పదిహేను రోజుల తర్వాత అచ్యుతరామయ్యగారు కబురంపారు. వెళ్లేసరికి గొడుగు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. ఎవరింట్లోనో తద్దినమట, భోక్తగా వెళుతున్నారు.

"ఆ పుస్తకాలు పట్టుకుపోండమ్మా. అవి కనబడితే అక్కయ్యే కనబడుతోంది" అన్నారు. తాళంచెవి నా చేతిలో పెట్టారు. "వెళ్లేటప్పుడు పక్క కొబ్బరి కొట్లో ఇచ్చేయండి."

మిట్టమధ్యాహ్నం. కానీ దీపం పెట్టుకోవాల్సినంత మబ్బు. అల్పపీడనం పట్టి మూడు రోజులైంది, కరెంటు లేదు. పెంకుల మీద వాన ఒకే తీరున పడుతోంది. పక్క కొట్లోంచి ఎండుకొబ్బరి వాసన, చెమ్మకు ముక్కిపోయి, ఇల్లంతా పట్టేసింది. వసారాలో ఆవిడ పడక్కుర్చీ గోడకేసి తిప్పి ఉంది. పుస్తకాలన్నీ సంచిలో సర్దాను. అట్ట లేని నవల చేతికి తగిలింది. అందులో నేను మడిచిన పేజీ మడిచినట్టే ఉంది.

ఏడుపొచ్చింది. కుర్చీ ఇటు తిప్పాను. ఎదురుగా నా పాత స్టూలు మీద కూర్చున్నాను.

"తప్పయిపోయిందండీ టీచరుగారూ. ఇప్పుడు చదువుతాను" అన్నాను. చదవడం మొదలుపెట్టాను.

వనజ కిటికీ దగ్గర కూర్చుంది. రేవులో నీళ్లు నల్లబడుతున్నాయి.

"ఊఁ."

వాన చప్పుడనుకున్నాను. ఇంకో వాక్యం చదివాను.

"ఊఁ."

మెల్లగా... ముక్కుతో అన్నట్టు. కుర్చీ దగ్గర్నుంచి. కుర్చీలో ఎవరూ లేరు. గుడ్డ మాత్రం బరువుకు కొద్దిగా కిందికి కుంగినట్టుంది. లేచి పారిపోవాల్సింది. ఎవరైనా అదే చేస్తారు. నాకు మాత్రం పిచ్చి ఆశ పుట్టింది. వినడానికి వచ్చారు, పాపం, ముగింపు కోసం వచ్చారు!

"చదువుతున్నానండీ..." అన్నాను.

చదివాను. వాక్యానికో ఊఁ. రెండు పేజీలు, మూడు పేజీలు. పంటు కనబడే చోటికి వచ్చాను. ఇక్కడ ఆగాను. పోయిన మనిషికి కూడా ఆ దిక్కుమాలిన ముగింపేనా? నేను అల్లుకున్నది చెప్పాను, పుస్తకంలో చూసి చదువుతున్నట్టే.

"పంటు ఒడ్డుకు తగిలింది. అందరికంటే ముందు శేఖరం దిగాడు."

ఊఁ రాలేదు.

"శేఖరం దిగాడు. పరుగెత్తుకుంటూ వచ్చాడు."

ఏమీ లేదు. వాన కూడా ఆగిపోయిందా అన్నంత నిశ్శబ్దం. ఎండుకొబ్బరి వాసన పోయింది. రేవు మెట్ల మీది పాచి వాసన వేసింది. నా మెడ మీద చల్లగా... ఎవరో వంగి, నా భుజం మీదుగా పుస్తకంలోకి చూస్తున్నట్టు.

వేలితో వరస పట్టుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"పంటు వచ్చింది. అందులో అతను లేడు."

"ఊఁ."

ఇక ఆపలేదు. చీకటి పడుతుంది. తలుపు చప్పుడవుతుంది. వనజా, నేనే, తలుపు తియ్యి అంటుంది శేఖరం గొంతు. వనజ గడియ మీద చెయ్యి వేస్తుంది. ఆఖరి వాక్యం, వనజ తలుపు తీసింది. అంతే! అవతల ఉన్నదెవరో చెప్పకుండా ముగించాడు మహానుభావుడు. ఎదురుపడితే కడిగిపారేద్దును.

"ఊఁ..." అంది. ఈసారి కాస్త సాగదీసి. తృప్తిగా.

సంచి ఎత్తుకుని, తాళం పెట్టి, చెవి కొబ్బరి కొట్లో ఇచ్చి రోడ్డెక్కాను. భయం ఉంది, కానీ మనసు తేలికైంది. ఆవిడ అడిగింది చెప్పేశాను కదా. కాలవ లాకుల దాకా అలాగే నడిచాను. అక్కడ తట్టింది నాకు. కాళ్లు ఆగిపోయాయి.

టీచరుగారికి ముగింపు తెలీదు.

తెలీకే కదా అంత బతిమాలారు! మరి శేఖరం దిగాడని నేనంటే, అబద్ధమని ఎలా తెలిసింది? పైగా ఊఁ కొట్టడం ఆవిడకు గిట్టదు. ఆవిడే అయితే పంటు ఖాళీగా వచ్చినందుకు ఇల్లెగిరిపోయేలా తిట్టేవారు. నేను ఎవరికి చదివాను?

ఆ నవలని కాలవలో పారేశాను. పుస్తకం పోయింది గానీ ఊఁ పోలేదు. రెండేళ్ల అలవాటు, ఏది చదివినా పైకే చదువుతాను. మిషను ముందు కూర్చుని పత్రికలో కథ మొదలుపెడితే వెనక నుంచి వినబడేది. రెండు నెలల్లో రోడ్డు వేస్తామన్న వార్త చదివితే మాత్రం వినబడలేదు. అది అబద్ధమని మనకీ తెలుసు కదా అని నవ్వుకున్నాను. తర్వాత పక్కింటి అప్పాయమ్మగారు మనవరాలి శుభలేఖ తెచ్చి చదివి పెట్టమన్నారు. పేర్లకు ఊఁ అంది. ఊరికి ఊఁ అంది. "పదహారో తేదీ గురువారం వివాహము" అన్నాను. ఊఁ లేదు. మళ్లీ చదివాను. లేదు.

"ఏమ్మా, తేదీ తప్పు పడిందా?" అన్నారు అప్పాయమ్మగారు.

"లేదండీ" అన్నాను. పదిహేనో తేదీన పెళ్లికొడుకు తండ్రి పోయాడు. పెళ్లి ఆగిపోయింది.

ఆ రోజునుంచి నేను చదవడం మానేశాను. ఎవరికి చెప్పుకోను? నా బతుకులో ఉన్న ఒక్క సరదా. మా ఆయనకు చెబితే "ఆ పుస్తకాలు వద్దంటే విన్నావా" అన్నాడు. కుమారికి ఫోనులో చెబితే పగలబడి నవ్వింది. "ఆదివారం వస్తాను, నాకూ వినిపించు నీ ఊఁ" అంది.

ఆదివారం పొద్దున్నుంచీ మళ్లీ వాన. చేపలు కడుగుతుంటే ఫోను మోగింది. చేతులు తుడుచుకుని చూశాను. కుమారి మెసేజి. అలవాటు చచ్చిందా? పైకే చదివాను.

"అమ్మా, బస్సెక్కేశాను."

"ఊఁ."

నోరు మూసుకుందామనుకున్నాను. కళ్లు రెండో వాక్యం మీదికి వెళ్లాయి, నోరు వాటి వెంటే వెళ్లింది.

"నాలుగింటికల్లా ఇంట్లో ఉంటాను."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. చూరు నీళ్లు పడుతున్నాయి. అంతే.

"నాలుగింటికల్లా... ఇంట్లో ఉంటాను."

లేదు.

"అనవే!" అని అరిచాను. "పెళ్లి ఆపావు, నా చదువు ఆపావు. దీనికొక్కదానికి అను!"

ఫోను చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. మా ఆయనకు చేస్తే కలవలేదు. మూడున్నర. నాలుగు. నాలుగూ పది. గొడుగు తీసుకుని సెంటరుకు వెళదామని గుమ్మం దాకా వెళ్లాను, ఈలోపు ఇటు వస్తే ఎలాగని వెనక్కి వచ్చాను. అది ఎంత చేసినా కాగితమే, కాగితమే అని కుమారి మాటే అనుకుంటూ గదిలో తిరిగాను. ఆ ఊఁ మీద కోపం, నా నోటి మీద కోపం. నాలుగున్నర అయింది. పొద్దుగూకకుండానే ఇల్లు చీకటైపోయింది.

తలుపు చప్పుడైంది.

"అమ్మా, నేనే. తలుపు తియ్యి."

ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తాను. గడియ మీద చెయ్యి వేశాను.

అక్కడ ఆగింది చెయ్యి.

కుమారి గొంతే. అచ్చం కుమారి గొంతే. నా కన్నబిడ్డ గొంతు నాకు తెలీదా? కానీ వనజకూ తెలుసు కదా ఆ గొంతు...

"అమ్మా, తడిసిపోతున్నాను. ఏం చేస్తున్నావ్ లోపల?"

చెవులు వెనక గదివైపు పెట్టాను. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు కోసం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఒక్కసారి అను. నేనే అంటోంది, నిజమని ఒక్కసారి అను, తీసేస్తాను. గదిలో ఉలుకూ లేదు పలుకూ లేదు.

"అమ్మా..."

ఏడుస్తోంది. నిజంగా నా పిల్లేనేమో! వానలో, నా గుమ్మంలో, నా పిచ్చికి నిలబడి ఏడుస్తోందేమో! నా వల్ల కాలేదు. నుదురు తలుపుకి ఆనించి గుసగుసగా అడిగాను.

"కుమారీ... నువ్వేనా తల్లీ?"

అప్పుడు వచ్చింది. మెల్లగా, ముక్కుతో అన్నట్టు, కాస్త సాగదీసి.

"ఊఁ..."

గదిలోంచి కాదు. తలుపు అవతల నుంచి.