ఫెయిల్ మేడం సంతకం

“నా హీటర్ రిపోర్టు మీద సంతకం ఎందుకు పెట్టలేదు?”

టెస్ట్ ల్యాబ్ తలుపు తోసుకుంటూనే ఒంటికాలి మీద లేచాడు అతను. వాటర్ హీటర్లు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ యజమానిని అందరూ పెద్దసార్ అంటారు. ఆయన కొడుకు కాబట్టి ఇతను చిన్నసార్. ఆ కొత్త హీటర్ డిజైన్ ఇతనిదే.

ఆమె తల కూడా ఎత్తలేదు. “అంకెలు మరీ ముద్దొస్తున్నాయి. అందుకే పెట్టలేదు.”

ఆ ల్యాబ్‌లో టెస్ట్ ఇంజనీరుగా చేరి ఏడాది కాకుండానే ఆమెకు ‘ఫెయిల్ మేడం’ అని పేరు పడిపోయింది. పట్టిన పట్టు విడవదు. మొహమాటం అన్న మాట ఆమె పుట్టిన ఊళ్ళో ఎవరూ వాడరేమో!

“అంకెలు బాగుంటే కూడా తప్పేనా, మేడం?”

“ఈ స్కానర్ చూశారా? ట్యాంకు నిండా మనం పెట్టిన వేడి చూసే వైర్లన్నీ వరుసగా చదువుతుంది. కానీ ఎప్పుడు? టైమర్ ప్రకారం నిమిషానికోసారి. మీ హీటర్ కరెంటు కట్ అయ్యాక కూడా రాడ్‌లో మిగిలిన వేడి నీళ్ళలోకి ఎక్కుతుంది. అసలు వేడి అప్పుడే. ఆ క్షణంలో ఎవరైనా ట్యాప్ తిప్పితే చెయ్యి కాలుతుంది. ఆ వేడి మన రిపోర్టులోనే లేదు.”

“అయితే ఏం చెయ్యమంటారు?”

“ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్ పెడదాం. హీటర్‌కి కరెంటు కలిపి, కట్ చేసే రిలే నుంచి స్కానర్ వెనక సాకెట్‌కి ఒక వైరు. గడియారం చెప్పినప్పుడు కాదు, హీటర్ చెప్పినప్పుడు చదవాలి.”

“రేపే మొదటి లారీ బయల్దేరాలి. నాన్న ఊరుకుంటారా?”

“ఆయన్ని ఊరుకోమని నేనెందుకంటాను? అరవమనండి.”

అతనికి రోషం వచ్చింది. “వైరు నేనే కలుపుతా. నా హీటర్ మీద నాకు నమ్మకముంది.”

నిజం చెప్పాలంటే ఆ కోపంలో సగమే నిజం. వారానికి మూడుసార్లు స్క్రూడ్రైవర్ కావాలంటూ ఈ ల్యాబ్‌కి వచ్చే మనిషి అతను. అతని టేబుల్ సొరుగు నిండా స్క్రూడ్రైవర్లే!

బయట వాన మొదలైంది. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి మాట వినిపించక, ఆమె అతని దగ్గరికి వంగి చెప్పాల్సి వచ్చింది.

“ఆ స్క్రూ బిగించండి.”

“బిగించాను.”

“ఎటు చూస్తూ బిగించారు?”

అతను గబుక్కున కళ్ళు స్కానర్ వైపు తిప్పుకున్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక కిటికీ మూసే నెపంతో అటు వెళ్ళింది. ఆ కిటికీ అప్పటికే మూసి ఉంది.

అతను స్కానర్ మెనూలో నాలుగు బటన్లు నొక్కి టెస్ట్ మొదలుపెట్టాడు. సాయంత్రానికి అంకెలొచ్చాయి. పాత రిపోర్టు కంటే కూడా చల్లగా ఉన్నాయి!

“చూశారా! మీ ట్రిగ్గర్ కూడా నా హీటర్‌నే మెచ్చుకుంది!” అంటూ అతను బల్ల చరిచాడు.

ఆమె గ్రాఫ్ చూసింది. మళ్ళీ చూసింది. మొహంలో నవ్వు పోయింది.

“స్కాన్ హీటర్ ఆఫ్ అయినప్పుడు మొదలవలేదు. ఆన్ అయినప్పుడు మొదలైంది. అంటే నీళ్ళు అన్నిటికంటే చల్లగా ఉన్నప్పుడే చదివించారు.” ఆమె గ్రాఫ్‌ని అతని ముందుకు తోసింది. “ఎంత తెలివి! మోసానికి కూడా ఇంత శ్రద్ధ కావాలా, చిన్నసార్?”

అతను మెనూ తెరిచాడు. రిలే ఆన్ అయితే సిగ్నల్ లేస్తుంది, కట్ అయితే పడుతుంది. ఎప్పుడు చదవాలో స్కానర్‌కి మనమే చెప్పాలి. మెనూలో ముందునుంచీ ‘లేచినప్పుడు’ అనే ఉంది. అతను దాన్ని మార్చనే లేదు. మార్చాల్సిన వేళ అతని చూపు ఎక్కడుందో మనకు తెలుసు కదా.

“ఇది నా తప్పే,” అన్నాడు. “కానీ మోసం కాదు. ఈ రెండింటికీ తేడా మీక్కూడా తెలియకపోతే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?”

ఫెయిల్ మేడం వంగి ఆ మెనూ చూసింది.

సరిగ్గా అప్పుడే పెద్దసార్ వచ్చాడు. వెనకే ఆయన భార్య. సరుకు బయటికి పంపే డిస్పాచ్ పని మొత్తం ఆవిడదే. ఆవిడ గేట్‌పాస్ రాస్తే తప్ప లారీ కదలదు.

“అమ్మాయ్, లారీకి లోడింగ్ అయిపోతోంది. సంతకం పెట్టు. పెట్టకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు,” అన్నాడు పెద్దసార్.

ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎప్పుడొస్తుందో ఆమెకు తెలియదు. అయినా హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంది.

“రాను సార్. సంతకం మాత్రం పెట్టను.”

“ఆగండి!” అన్నాడు అతను. “నాన్నా, మీరూ ఆగండి. మీ కళ్ళ ముందే నడుపుతాను.”

సెట్టింగ్ ‘పడినప్పుడు’కి మార్చి ఆమెకు చూపించాడు. ఆమె తలూపింది. హీటర్ వేడెక్కేదాకా అందరూ తెర ముందే నిలబడ్డారు. రిలే టక్కుమని కట్ అయింది. ఆ మరుక్షణమే స్కానర్ టకటకా చదవడం మొదలుపెట్టింది. తెర మీద అంకె పెరిగింది. ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. ప్రమాదపు హద్దు చూపే ఎర్రగీత దాటి ఇంకా పైకి పోయింది.

“ఫెయిల్,” అన్నాడు అతను. ఏళ్ళ తరబడి పడిన కష్టం అది.

పెద్దసార్ మొహం కందగడ్డయింది. “టైమర్‌లో పాసయిందిగా! ఆ రిపోర్టే పంపుదాం. ఈ గొడవంతా ఎవడడిగాడు?”

“నేనడిగాను. లారీ గేటు దాటాలంటే నా మీద నుంచి పోవాలి నాన్నా.”

“ఏరా, నువ్వు నా కొడుకువా, ఈ అమ్మాయి తరఫు వకీలువా?”

“గేట్‌పాస్ నేను రాయను,” అంది పెద్దసార్ భార్య తాపీగా. “ఆ ట్యాప్ కింద చెయ్యి పెట్టేది ఎవరి పిల్లలైతే మాత్రం ఏంటి?”

ఫెయిల్ మేడం బ్యాగు దించి, రిపోర్టు ముందుకు లాక్కుంది. పెన్ను మూత తీసింది.

“సంతకం పెట్టేముందు ఒక్క మాట,” అన్నాడు అతను. “మీరంటే నాకు ప్రాణం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“ఒరేయ్!” అన్నాడు పెద్దసార్.

“ఇప్పుడా అడిగేది?” ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“ఇప్పుడే అడగాలి. హీటర్ పాసయిన రోజు అడిగితే మీ సంతకం కొనుక్కున్నానంటారు లోకులు. ఈరోజైతే ఎవడూ నోరెత్తలేడు. ఫెయిల్ అని రాయండి. రాసి చెప్పండి.”

ఆమె రాసింది. ‘ఫెయిల్’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద నిదానంగా సంతకం పెట్టి, మూత బిగించింది. అప్పుడు అతని కళ్ళలోకి చూసింది.

“ఇందాక మోసం అన్నాను. ఆ మాట తప్పు, క్షమించండి. మీరంటే నాకూ ఇష్టమే, ఎప్పట్నుంచో. చేసుకుంటాను. కానీ పెళ్ళయ్యాక కూడా ఫెయిలైతే ఫెయిలే. చిన్నసార్‌నే కాదు, ఇంటాయన్ని కూడా వదలను.”

“వదలకు తల్లీ, ఈ ఇంట్లో నాకూ ఒక తోడు కావాలి,” అంది అతని తల్లి.

పెద్దసార్ ముగ్గురి వైపూ మార్చి మార్చి చూశాడు. తర్వాత విసురుగా తలుపు దగ్గరికి నడిచి, వానలోకి కేకేశాడు.

“లోడింగ్ ఆపండి! ఎక్కించినవన్నీ కిందికి దించండి!”

వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “అమ్మాయ్, రేపు పొద్దున్నే రా. వీడు మార్చిన డిజైన్‌కి ట్రిగ్గర్ నువ్వే పెట్టు. వీణ్ణి ముట్టుకోనివ్వకు.”

“అలాగే, మామయ్యగారూ,” అంది ఆమె.