మరీ మెరిసిన టైరు

"పోయిన నెల మన సాక్షి కారు టైరు పేలి చనిపోయాడు. పోలీసులు రోడ్డు మీద కారు జారిందన్నారు. నేను హత్యంటాను." కర్నల్ వూరియో మాటలు తూరే చెవుల్లో ఇంకా గింగురుమంటున్నాయి. "ఇక మిగిలింది ఔలిక్కి. రేపు హెల్సింకీ కోర్టులో గ్రానైట్ ముఠా పేర్లు చెప్పాలి. ఆవిడ ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నాను."

ఆ ఔలిక్కి ఇప్పుడు కువోపియో ఊళ్ళోని ఒక టైర్ హోటల్లో, అంటే కార్ల టైర్లు మార్చి దాచిపెట్టే షాపులో, ఉచిత కాఫీ తాగుతోంది. వేసవి టైర్లు గోదాములోకి పోయి, మంచు మీద జారని మేకుల టైర్లు కార్లకెక్కే రోజులవి. మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ తూరే లిఫ్ట్ మీదున్న ఆవిడ కారు దగ్గరికి నడిచాడు.

అక్కడ పనిచేసే రోన్యా కూడా తమ ఏజెంటే. ఎర్ర లిప్‌స్టిక్, ఖరీదైన సెంటు. తూరే ముందు కోడ్ మాట అన్నాడు.

"ఈ ఏడు మంచు తొందరపడింది కదూ?"

"మేకులు మాత్రం పదునుగానే ఉన్నాయి," నవ్వింది రోన్యా. "నాలుగూ నేనే బిగించా. గేజ్ పెట్టి చూసి పంపించెయ్. పాపం, ఆవిడకి ఆలస్యమవుతోంది."

టైరు గాళ్ళ లోతు కొలిచే తూరే గేజ్‌లో చిన్న కెమెరా, వైర్‌లెస్ దాగున్నాయి. గాళ్ళ లోతు నాలుగింటికీ బాగానే ఉంది. కానీ ముందు ఎడమ టైరు నిగనిగలాడుతోంది. అతను వంగి చూశాడు. బురదా ఉప్పూ తినే చలికాలం టైరుకి ఈ ఊళ్ళో ఎవడు పాలిష్ పెడతాడు? పరాయివాళ్ళ పనే ఇది. రబ్బరు గట్టిపడి గోరు నొక్కితే దిగలేదు. తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెలు బయటివైపు లేవు.

లిఫ్ట్ మీద మోకాలెత్తులో ఉన్న కారు కిందికి దూరాడు. లోపలివైపు అంకెలు కనిపించాయి: 3809. రెండువేల తొమ్మిది నాటి టైరు! పాలిష్ కింద సన్నటి పగుళ్ళు. హైవే మీద వేగం అందుకుంటే అంతే సంగతులు.

"చూసేశావా?" రోన్యా గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. ముఠా జీతం కూడా తింటోందని తూరేకి అర్థమయ్యేలోగా లిఫ్ట్ గుర్రుమంది. కారు కిందికి దిగుతోంది.

"ఆపు రోన్యా! నేనింకా కిందే ఉన్నా!"

"తెలుసు బాబూ. పొరపాటైందని చెప్తాలే."

చావంటే తనకింత భయమని అతనికి ఇప్పటిదాకా తెలీదు. చేతికందిన పాత టైరొకటి లాగి పక్కన ఇరికించాడు. ఇనుము దాన్ని నలుపుతూ మీదికొస్తూనే ఉంది. వైర్‌లెస్ బటన్ నొక్కి, కాళ్ళు దడదడా నేలకేసి కొట్టాడు.

కాఫీ కప్పుతో వచ్చిన ఔలిక్కికి కారు కింద ఆ కాళ్ళు కనబడ్డాయి. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వేడి కాఫీ రోన్యా మొహాన కొట్టి, గోడ మీద లిఫ్ట్ ఆపే ఎర్ర బటన్ నొక్కింది. ఇనుము తూరే ముక్కు ముందు ఆగిపోయింది. వైర్‌లెస్ విని పరుగెత్తుకొచ్చిన వూరియో మనుషులు రోన్యాకి బేడీలు వేశారు.

తూరే గజగజ వణుకుతూ బయటికి పాకాడు. "కొత్త టైరు వేయిస్తాను మేడమ్. కారు నేనే నడుపుతాను."

ఔలిక్కి ఖాళీ కప్పులోకి దిగులుగా చూసుకుంది. "ముందు మీ వణుకు తగ్గించుకోండి నాయనా. నేను రైల్లో పోతాను. దానికి టైర్లుండవు."